ఎంత ప్రయాణానికి, ఎంత వెచ్చదనానికి?

ఇంగ్లండులో కాలువల మీద సన్నటి పొడవాటి పడవలనే ఇళ్ళుగా చేసుకొని బతికేవాళ్ళు వేలమంది ఉన్నారు. వాళ్ళు డీజిలు కోసం గట్టు మీది దుకాణానికి వెళితే, దుకాణదారు గొట్టం చేతిలోకి తీసుకుంటూనే ఒక ప్రశ్న వేస్తాడు. ఇందులో పడవ నడపడానికి ఎంత, లోపల వెచ్చగా ఉండడానికి ఎంత? 2008 నవంబరు నుంచి అక్కడి పడవలవాళ్ళు నడకకు వాడే డీజిలు మీద పూర్తి సుంకం కట్టాలి, వెచ్చదనానికి వాడేదాని మీద తక్కువ సుంకం చాలు. కొలిచి చూసే యంత్రమేమీ లేదు. కొన్నవాడి మాటే ప్రమాణం. అరవై పాళ్ళు నడకకు, నలభై పాళ్ళు వెచ్చదనానికి అని చెప్పి సంతకం పెట్టడం ఎక్కువమంది ఆనవాయితీ.

సుంకాల సంగతి నాకు పట్టలేదు గానీ ఆ ప్రశ్న మాత్రం పట్టుకుంది. ఇన్నేళ్ళుగా దాన్ని మాదాపురంలో ఎవరినైనా అడగాలని చూస్తున్నాను. ఎవరిని అడగాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

ఆ ప్రశ్నను నేను చెవులారా విన్నది 2010 డిసెంబరులో. కంపెనీ పని మీద వెళ్ళి ఆరునెలలు అక్కడ ఉన్నాను. నాతో పనిచేసే ఒక పెద్దమనిషి, పెళ్ళాంపిల్లలు లేని ఒంటరి, కాలువ మీద పడవలో కాపురం. ఆ డిసెంబరు చలి అక్కడివాళ్ళకే కొత్త. నూరేళ్ళలో అంతటి చలి డిసెంబరు రాలేదన్నారు. కాలువ గడ్డకట్టి పడవలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఆ గడ్డకట్టిన కాలువ మీద రెండు రాత్రులు ఆయనకు నేను అతిథిని. పడవ వెడల్పు ఏడడుగులు కూడా లేదు, మన రైలు పెట్టెకంటే సన్నం. ఒకరు అటు పోవాలంటే ఇంకొకరు గోడకు అతుక్కోవాలి. బయట సున్నాకు ఎనిమిది డిగ్రీలు దిగువన. లోపల నేను చొక్కాతో కూర్చుని ఆయన పెట్టిన టీ తాగాను (చక్కెర లేకుండా. ఆ బాధ వేరే టపాకు సరిపోతుంది).

ఆ వెచ్చదనం ఎక్కడినుంచి వస్తున్నదో చూపించమన్నాను. వెనకవైపు ఇంజను పక్కన ఒక మూల, నూనె డబ్బా అంత పెట్టె. అందులో ఒక చిన్న పంపు బొట్టు బొట్టుగా డీజిలును లోపలికి నెడుతుంది. టక్, టక్, టక్ అని ఆ చప్పుడు రాత్రంతా వినిపిస్తూనే ఉంటుంది. బ్యాటరీ కరెంటుతో ఒక కడ్డీ ఎర్రగా కాలి, ఆ బొట్లను అంటిస్తుంది. మంటకు కావలసిన గాలి బయటినుంచి ఒక గొట్టంలో వస్తుంది, పొగ మరో గొట్టంలో పడవ పక్కనుంచి బయటికి పోతుంది. మన గదిలోని గాలి ఈ మంట దగ్గరికే రాదు. అది వేరే దారిలో, మంట మీద కప్పిన లోహపు గుల్ల చుట్టూ తిరిగి, వేడెక్కి, ఫ్యాను తోస్తే గొట్టాల గుండా పడకగదికీ వంటగదికీ పోతుంది. రెండు గాలులు, నడుమ ఒక పలచటి లోహపు గోడ. యంత్రం మొత్తం ఆ గోడ మీద ఆధారపడి ఉంది. ఆ గోడకు చిల్లు పడితేనో, పొగగొట్టపు అతుకు ఊడితేనో, వాసన లేని కార్బన్ మోనాక్సైడు నిద్రలోనే పని ముగిస్తుంది. అందుకే ఆయన మంచం తలాపున ఒక అలారం పెట్టుకున్నాడు. 2019 ఏప్రిల్ నుంచి అక్కడి కాలువల మీది ఇటువంటి పడవలన్నిటికీ అది తప్పనిసరి అయింది.

ఆపేటప్పుడు కూడా దానికో మర్యాద ఉంది. మీట నొక్కగానే ఆగదు. డీజిలు ఆగిపోయాక ఫ్యాను ఇంకో మూడు నాలుగు నిమిషాలు తిరిగి, వేడినంతా తోసేసి, అప్పుడు ఊరుకుంటుంది. తొందరపడి కరెంటు తీసేస్తే లోపలి భాగాలు మాడిపోతాయట. గంటకు పావు లీటరు తాగి, రెండు కిలోవాట్ల వేడి ఇచ్చేది ఆ పెట్టె. తెల్లవారాక ఆయన ఒక పుల్లను ట్యాంకులో ముంచి చూసి, రాత్రి మనిద్దరం రెండు లీటర్లు తాగాం అన్నాడు. నాకు నవ్వు వచ్చింది, ఆయనకు రాలేదు.

ఇంకొక నియమం చెప్పాడు. ఇతరుల పడవల దగ్గర కట్టుకున్నప్పుడు రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా ఇంజను గానీ జనరేటరు గానీ నడపకూడదు. ఎవరి పొగ, ఎవరి చప్పుడు వారి పక్కవాడి కిటికీలోకే పోతుంది కనుక.

2011లో హైదరాబాదుకు తిరిగివచ్చాను. మా ఆఫీసు హైటెక్ సిటీలో, నిలువెల్లా అద్దాల భవనం. 1998 నవంబరులో వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటినుంచి ఇక్కడ అద్దమే ఆధునికతకు గుర్తు. తెరుచుకోని కిటికీ ఉంటేనే అంతర్జాతీయ స్థాయి. ఈ భవనాలు నిజానికి నేల మీది పడవలే. బయటి గాలికి మూసుకొని, లోపలి గాలిని యంత్రాలతో తోసుకుంటూ బతికేవి. ఆ పడవ చలిలో తేలుతున్నది, ఇవి ఎండలో తేలుతున్నాయి. అంతే తేడా అనుకున్నాను. కాదని 2012, 2013 వేసవులలో తెలిసింది.

ఆ రెండేళ్ళ కరెంటు కోతలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. పల్లెల్లో గంటల తరబడి చీకటి. పరిశ్రమలకు వారంలో కొన్ని రోజులు పవర్ హాలిడే. కారిడారులో మాత్రం దీపం ఆరలేదు. కరెంటు పోయిన కొద్ది క్షణాలలో వెనక పెరట్లో జనరేటర్లు గుర్రుమనేవి. లోపల ఉన్నవారికి ట్యూబులైటు ఒకసారి కొట్టుకోవడం తప్ప ఏమీ తెలిసేది కాదు. ఏసీ ఇరవై రెండు డిగ్రీల దగ్గర స్థిరం. నా బల్లకు ఎదురుగా కూర్చునే అమ్మాయి ఏప్రిల్ నెలలో శాలువా కప్పుకొని టైపు చేసేది. నేను కూడా కుర్చీ వీపుకు ఒక స్వెటరు తగిలించి ఉంచేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ఆ స్వెటరుతోనే, విప్పడం మరచిపోయి, వెనక గేటు గుండా టీకి వెళ్ళాను. అక్కడ జనరేటర్ల వరసకు పది గజాల దూరంలో సెక్యూరిటీ అన్న కుర్చీ. పాలమూరు మనిషి, యాభై దాటిన వయసు. ఆ యంత్రాల రేడియేటర్ల నుంచి వచ్చే వేడిగాలి నేరుగా ఆయన మీదికే. తలకు తడి తువాలు చుట్టుకొని ఉన్నాడు. నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఏంది సార్, ఎండకాలంల స్వెటరేసుకున్నరు? జరమొచ్చిందా?"

"లేదన్నా, లోపల చలి."

ఆయన జనరేటరు వంక చూశాడు, నా వంక చూశాడు. "గట్లనా" అని మాత్రం అన్నాడు. ఎగతాళి లేదు, కోపం లేదు. నిజంగానే అప్పుడే తెలిసినట్టు అన్నాడు. టీ తాగకుండానే లోపలికి వచ్చేశాను.

ఆ సాయంత్రం ఒక లెక్క వేసుకున్నాను. చదువరులలో ఇంజనీర్లు ఎక్కువ కనుక తప్పుంటే దిద్దండి. లీటరు డీజిలులో సుమారు పది యూనిట్ల వేడి దాగి ఉంటుంది. జనరేటరు అందులో మూడు నుంచి మూడున్నర యూనిట్లే కరెంటుగా ఇస్తుంది. మిగిలింది పొగలోనూ రేడియేటరు గాలిలోనూ బయటికే. ఆ కరెంటుతో మామూలు ఏసీ ఒక్కో యూనిట్‌కు మూడు యూనిట్ల వేడిని గదిలోనుంచి తోడి బయట పోస్తుంది. అంటే లీటరుకు దాదాపు పది యూనిట్ల చల్లదనం. వినడానికి బాగానే ఉంది. కానీ బయట ఎంత పడింది? డీజిలులోని పది యూనిట్లూ చివరికి వేడిగా వీధిలోనే, కరెంటుగా మారిన భాగంతో సహా. దానికి తోడు లోపలినుంచి తోడిన పది. ఇరవై! పది పాళ్ళ చలువ లోపలివాడికి, ఇరవై పాళ్ళ ఉడుకు బయటివాడికి. పెద్ద భవనాల చిల్లర్లు ఇంతకంటే నయం, ఒక యూనిట్‌కు ఐదు తోడేవి ఉన్నాయి. కానీ ఎంత మంచి యంత్రమైనా లోపలికి ఇచ్చినదానికంటే బయటికి పోసేది ఎప్పుడూ ఎక్కువే. ఇందులో ఎవరి కుట్రా లేదు, ప్రకృతి నియమం అది. ఆ పోసేది ఎవరి నెత్తి మీద అన్నది మాత్రం ప్రకృతి నియమం కాదు. దాన్ని భవనం పటం గీసినవాడు నిర్ణయించాడు.

ఆ పడవలో పొగ పోయే రంధ్రం పడవ యజమాని పడకకు నాలుగడుగుల దూరం. తన వెచ్చదనపు పొగకు మొదటి బాధితుడు తానే కనుక అతుకులు తానే చూసుకుంటాడు, టక్ టక్ చప్పుడు తానే వింటాడు, పుల్ల ముంచి తానే కొలుస్తాడు. మన భవనాలలో చల్లదనం అనుభవించేవాడికీ పొగకూ నడుమ తొమ్మిది అంతస్తులు, రెండు గేట్లు, ఒక జీతపు తరగతి ఉన్నాయి. డీజిలు పొగ క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం ఖాయం చేసి చెప్పింది సరిగ్గా 2012 జూన్‌లోనే. దాన్ని నేను లోపల, ఇరవై రెండు డిగ్రీల చల్లదనంలో కూర్చుని చదివాను.

నియమాలు లేవా అంటే ఉన్నాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సూత్రం ప్రకారం జనరేటరు పొగగొట్టం ఎత్తు ఆ భవనం ఎత్తు కంటే, యంత్రపు కెవిఏ వర్గమూలంలో ఐదో వంతు మీటర్లు ఎక్కువ ఉండాలి. వెయ్యి కెవిఏ యంత్రానికి కప్పు మీద ఇరవై అడుగుల పైచిలుకు గొట్టం. మంచి సూత్రమే. అయితే జనరేటరు ఉన్నది వెనక పెరట్లో రేకుల షెడ్డులో అయితే, 'భవనం' అంటే ఆ షెడ్డా, పక్కనున్న అద్దాల మేడా అన్న వాదనకు సందు దొరుకుతుంది. ఇక రేడియేటరు వేడిగాలికి ఆ సూత్రంతో పనే లేదు. అది మనిషి ఎత్తునే వీస్తుంది.

మా ఆఫీసులో వసతుల కమిటీ అని ఒకటి ఉండేది. ఆ వారమే అందులో చేరి ఒకే ఒక్క ప్రతిపాదన పెట్టాను. జనరేటరు నడిచే వేళల్లో ఏసీని ఇరవై ఏడుకు పెంచుదాం అని. శాలువా అమ్మాయి నన్ను బలపరిచింది. కొద్దిసేపు చర్చ జరిగింది. విదేశాలనుంచి క్లయింట్లు వస్తారు, వాళ్ళకు ఉక్కపోయకూడదు అన్నారు. (ఆ క్లయింట్ల దేశంలో ఒకాయన డీజిలును పుల్లతో కొలుచుకుంటాడని చెప్పాలనిపించింది, చెప్పలేదు.) సర్వర్లు పాడవుతాయన్నారు. సర్వరు గదికి వేరే ఏసీ ఉందని కమిటీలో అందరికీ తెలుసు. ప్రతిపాదన వీగిపోయింది.

ఇరవై రెండు అనే అంకె ఎక్కడినుంచి వచ్చింది? ఇది నాకు చాలాకాలం అంతుపట్టలేదు. ప్రపంచమంతటా ఆఫీసుల చల్లదనానికి ఆధారమైన లెక్కలు 1960, 70లలో డెన్మార్కులోనూ అమెరికాలోనూ గదుల్లో మనుషులను కూర్చోబెట్టి చేసిన ప్రయోగాల నుంచి పుట్టాయి. ఆ లెక్కలలో శరీరం పుట్టించే వేడికి నమూనా నలభై ఏళ్ళ, డెబ్బై కిలోల మగవాడని, ఆడవాళ్ళకు ఆ అంచనా ఎక్కువని 2015లో నెదర్లాండ్సు శాస్త్రజ్ఞులు ఇద్దరు చూపించారు. శాలువా రహస్యం అక్కడ తేలింది.

మన ఊరి లెక్క మన ఊళ్ళోనే ఒకరు చేసి పెట్టారు. ఇంద్రగంటి మాధవి అనే పరిశోధకురాలు 2008 వేసవి, వానకాలాలలో హైదరాబాదు అపార్టుమెంట్లలో ఇల్లిల్లూ తిరిగి, ఉష్ణోగ్రత కొలిచి, అక్కడున్నవారినే మీకు ఎలా ఉంది అని అడిగారు. మనవాళ్ళకు సుఖంగా అనిపించిన ఉష్ణోగ్రత 29.23 డిగ్రీలని తేలింది. ఇరవై ఆరు నుంచి ముప్ఫై రెండు పైచిలుకు దాకా ఓర్చుకునే హద్దులోనే ఉంది. మన దేశపు అప్పటి ప్రమాణ పుస్తకంలో రాసి ఉన్నదేమో 23 నుంచి 26! ఇల్లు వేరు, ఆఫీసు వేరు అనవచ్చు. ఇంట్లో లుంగీ కట్టుకుంటాం, కిటికీ తెరుస్తాం, ఫ్యాను కింద కూర్చుంటాం, మజ్జిగ తాగుతాం. నిజమే. కానీ ఆ పరిశోధన సారం కూడా అదే. మనిషికి కిటికీ, ఫ్యాను, బట్ట తన చేతిలో ఉంటే శరీరం సర్దుకుంటుంది. తెరుచుకోని అద్దం వెనక ఆ మూడూ పోయాయి. వాటి బదులు డీజిలు వచ్చింది.

అద్దాల మేడకు గత్యంతరం లేదన్న మాటకు జవాబు కూడా కూతవేటు దూరంలోనే ఉంది. సి.ఐ.ఐ.వారి సొరాబ్జీ గోద్రెజ్ హరిత వాణిజ్య కేంద్రాన్ని 2004 జూలైలో అబ్దుల్ కలాం ప్రారంభించారు. దానికి రెండు గాలిగోపురాలు ఉన్నాయి. పైనుంచి దిగే గాలి ఆ గోపురాలలోనే కొంత చల్లబడి, ఆ తరువాత ఏసీ యంత్రాలకు అందుతుంది. నడిమధ్యన ముంగిలి, మన మండువా లోగిలిలాగా. హైటెక్ సిటీకి అంత దగ్గరలో అది ఉండగానే, దాని చుట్టుపక్కల వందలకొద్దీ అద్దపు పెట్టెలు లేచాయి. వాటిలో చాలావాటి గోడ మీద హరిత భవనమన్న ఫలకం ఉంది. వాటి వెనక పెరటికి ఒకసారి వెళ్ళి రమ్మని మనవి.

ఇప్పుడు కోతలు లేవు కదా, ఈ పాత కథ ఎందుకు అని అడగవచ్చు. 2014 తరువాత కొన్నేళ్ళలోనే కోతలు తగ్గిన మాట నిజం. జనరేటర్లు ఇప్పుడు ఎక్కువ సమయం నిద్రపోతున్నాయి. 2023 జూలై నుంచి కొత్తగా అమ్మేవాటికి పొగ ప్రమాణాలు కూడా కఠినమయ్యాయి. సంతోషం. కానీ ఏసీ ఆగలేదు, పెరిగింది. ఆ కరెంటులో పెద్ద భాగం ఇప్పటికీ బొగ్గుదే. పెరట్లోని పొగగొట్టం రామగుండానికీ పాల్వంచకూ మారింది. సెక్యూరిటీ అన్న స్థానంలో అక్కడ ఇంకెవరో కూర్చున్నారు. ఇక లోపలినుంచి తోడిపోసే వేడి మాత్రం ఎక్కడికీ పోలేదు, అదే వీధిలో ఉంది. సాయంత్రం ఏడింటికి రాయదుర్గం మెట్రో దిగి నడిచేవాళ్ళకూ, ఆ భవనాల నీడలో ఇడ్లీబండి నడిపేవాళ్ళకూ అది తెలుసు.

ఏసీలు కట్టేసి అందరం విసనకర్రలు పట్టుకుందామని నేను అనడం లేదు. నలభై రెండు డిగ్రీల మే నెలలో నాకూ చల్లదనం కావాలి. రాత్రి పాళీలో పనిచేసేవాళ్ళకు, గర్భిణులకు, సుస్తీ మనుషులకు ఇంకా కావాలి. 2020 జనవరి నుంచి ఇళ్ళలో వాడే కొత్త ఏసీలు మొదట 24 దగ్గరే మేలుకోవాలని ప్రభుత్వం నియమం పెట్టింది. పెద్ద భవనాల మధ్య యంత్రాలకు అది వర్తించదు. అక్కడ అంకెను నిర్ణయించేది నేలమాళిగలో కూర్చునే వసతుల ఉద్యోగి. ఎవరూ ఫిర్యాదు చేయకూడదన్న భయంతో ఆయన ఎప్పుడూ ఒక డిగ్రీ కిందికే పెడతాడు. ఉక్కపోసినవాడు వెంటనే ఫోను చేస్తాడు, చలివేసినవాడు శాలువా తెచ్చుకుంటాడు. అందుకే అంకె ఎప్పుడూ కిందికే జారుతుంది, పైకి ఎక్కదు.

నేను కోరేది ఆ గట్టు మీది దుకాణదారు ప్రశ్నే. జనరేటరుకు డీజిలు ట్యాంకరు వచ్చిన ప్రతిసారీ, కరెంటు బిల్లు వచ్చిన ప్రతినెలా, ఇందులో పని నడవడానికి ఎంత, చల్లగా కూర్చోవడానికి ఎంత అని ఎవరో ఒకరు అడగాలి. కంప్యూటర్లకు, దీపాలకు, లిఫ్టులకు ఇంత. చిల్లర్లకు, గాలి తోసే ఫ్యాన్లకు ఇంత. కొత్త భవనాలలో వేర్వేరు మీటర్లు ఉంటాయి కనుక పుల్ల కూడా ముంచనక్కరలేదు. ఆ రెండు అంకెలనూ లిఫ్టు తలుపు పక్కన కాగితం మీద రాసి అంటించాలి. కింద ఇంకొక వరస: ఈ నెల లోపలి ఉష్ణోగ్రత ఇంత, వెనక గేటు దగ్గర ఇంత. రెండు థర్మామీటర్ల ఖర్చు. సెక్యూరిటీ కుర్చీ పక్కన ఉన్న అంకెను చూసి కూడా లోపలివాళ్ళు ఇరవై రెండే కావాలంటే, సరే, సంతకం పెట్టి తీసుకోమనండి. ఆ పడవ మనిషి పెట్టినట్టే.

ఈ వేసవికి మా భవనం నిర్వాహకులకు ఈ మేరకు ఉత్తరం రాశాను. ఇప్పుడు నేను పనిచేసేది వేరే కంపెనీ, వేరే భవనం, కానీ వెనక పెరడు అలాగే ఉంది, అక్కడ వేరొక కుర్చీ ఉంది. పాలమూరు అన్న ఎప్పుడో మానేసి ఊరికి వెళ్ళిపోయాడని ఆ రోజుల్లోనే విన్నాను. ఉత్తరానికి అందినట్టుగా యంత్రం పంపే జవాబు వచ్చింది. మనిషి జవాబు వస్తే ఇక్కడే రాస్తాను. మీ భవనాలలో ఆ అంకె ఎంత ఉందో, వెనక గేటు దగ్గర ఎవరు కూర్చుంటున్నారో, వీలైతే మీరూ చూసి రాయండి.